నోటీసున్న ఇంట్లో నీళ్లు తాగని మనిషి

పెద్దనాయన పోయాడు. మంగళవారం పొద్దున నేను ఎనిమిదో తరగతికి సంధులు చెప్తుంటే మా ఆయన దగ్గరి నుంచి ఫోను. క్లాసులో ఫోను ఎత్తకూడదని మా స్కూల్లో రూలు. కట్ చేస్తే మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేస్తే మళ్లీ. విసుక్కుంటూ వరండాలోకి వచ్చి ఎత్తాను. "పెద్దనాయన పోయినాడు మే" అన్నాడు. ఏ పెద్దనాయన అని నేను అడగలేదు. మా నాయనకు అన్నలెవరూ లేరు. మా వీధి మొత్తానికి పెద్దనాయన ఒక్కడే.

పొద్దున్నే కాఫీ తాగాడట. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడట. కోర్టుకు పోదామని చెప్పులు తొడుక్కోవడానికి మెట్టు మీద కూర్చున్నవాడు, కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయాడు. మంచం పట్టలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. మంచి చావే అని అందరూ అన్నారు. కానీ ఆ రోజు ఆయనతో పాటు కోర్టుకు పోవాల్సిన మనిషి ఒకడు అనంతపురం బస్టాండులో మధ్యాహ్నం దాకా ఎదురుచూస్తూ నిలబడ్డాడని తర్వాత తెలిసింది. నాకు ఏడుపొచ్చింది ఆ మాట విన్నప్పుడే.

ఆయన కోర్టులో అమీనుగా పనిచేసి రిటైరయ్యాడు. అమీను అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. అప్పు కట్టలేదనో, కేసు ఓడిపోయారనో కోర్టు ఆర్డరు ఇస్తే, ఆ ఆర్డరు పట్టుకొని ఇంటి మీదికొచ్చేది ఆయనే. సామాను జప్తు చేసేది, మనుషుల్ని బయటికి పంపి తలుపుకు తాళం వేసి సీలు కొట్టేది ఆయనే. జిల్లాలో ఆయన మొహం చూస్తే తలుపులేసుకున్న ఊళ్లు చాలా ఉన్నాయి. అట్లాంటి మనిషి ఉద్యోగం అయిపోయాక బుక్కరాయసముద్రంలో మా వీధి మలుపులో చిన్న ఇల్లు కట్టుకొని దిగాడు. మా అత్త ఆ రోజునుంచి పొద్దున ముగ్గు వేసేటప్పుడు అటువైపు వీపు పెట్టి కూర్చునేది.

"పొద్దున్నే ఆ మొగం చూస్తే ఆ పొద్దంతా అన్నం పుట్టదు" అనేది.

అన్నానికి కరువొచ్చింది ఆయన మొహం చూసి కాదు. మా ఆయన బోర్లు వేసి.

కంబదూరు దగ్గర మా మామ ఇచ్చిపోయిన చేను ఉంది. మా ఆయన అందులో చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాడు. చెట్లు చక్కగా పెరిగి, కాయ పట్టే ఏడు వచ్చేసరికి బోరు ఎండిపోయింది. ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్తున్నాను. మా జిల్లాలో మగవాడికి బోరు పిచ్చి పడితే అది తాగుడు కంటే అన్యాయం. తాగేవాడు కనీసం ఇంటికొచ్చి పడుకుంటాడు. వీడు నీళ్ల జాడ పట్టాలని టెంకాయ అరచేతిలో పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. "ఇంకొక్కటి వేస్తే పడుతుంది" అంటాడు. దుమ్ము లేస్తుంది. ఇంకొకటి. మళ్లీ దుమ్మే. మేముంటున్న ఇల్లు నా పేరా ఆయన పేరా కలిపి లోను తీసి కట్టుకున్నది. నెలనెలా కట్టాల్సిన కంతులన్నీ కంబదూరు చేలో బండరాయి కిందికి పోయాయి. ఎన్ని పోయాయో ఆయన నాకు చెప్పలేదు. నేను ప్రైవేటు స్కూలు టీచర్ని. జీతం చేతికిచ్చి లెక్క అడగని ఆడదాన్ని. ఏం చెప్పమంటారు!

బ్యాంకు నుంచి మొదటి నోటీసు వచ్చినప్పుడు మా అత్త పోస్టుమ్యాన్‌ను గేటు బయటే నిలబెట్టి, "ఇంట్లో ఎవురూ లేరు పో నాయనా" అని పంపించేసింది. చేత్తో తీసుకోకపోతే వచ్చినట్టు కాదని ఆమె నమ్మకం. ఆమె ఒక్కదానిదే కాదు, మా వైపు ఊళ్లన్నిటిదీ అదే నమ్మకం. కాగితం వస్తుందని తెలిస్తే ఇంటికి తాళం వేసి చుట్టాలింటికి పోతారు. మేమూ పోయాము. దసరా సెలవులకని చెప్పి కంబదూరులో కూర్చున్నాము. తిరిగొచ్చేసరికి తలుపు మీద పెద్ద కాగితం అంటించి ఉంది. ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నట్టు, ఎవరూ దాన్ని కొనకూడదన్నట్టు అందులో రాసి ఉంది. కింద మా ఇద్దరి పేర్లు. నేను బడిలో పిల్లలకు అక్షరదోషాలు దిద్దుతాను. నా పేరులో ఒక్క దోషం కూడా లేదు.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం గడప కడిగి పసుపు రాయనిదే మా అత్త పచ్చి నీళ్లు కూడా ముట్టదు. నేను లోపల బియ్యం ఏరుతున్నాను. బయట చీపురు చప్పుడు విని వచ్చి చూస్తే, ఆమె చీరకుచ్చెళ్లు దోపుకొని, బక్కెట్టు పక్కన పెట్టుకొని, కొబ్బరిపీచుతో ఆ నోటీసును గీకి గీకి కడిగేస్తోంది. సగం కాగితం ముద్దగా కారిపోతోంది. గేటు బయట, మండే ఎండలో, అమీను పెద్దనాయన నిలబడి చూస్తున్నాడు.

"చించినావా అక్కా?" అన్నాడు.

"చించలేదు. కడిగినా. లచ్చిమి వచ్చే తలుపు మీద నల్లకాగితం ఉంటే ఎట్ల?" అంది మా అత్త, ఆయన వైపు తిరక్కుండా.

"కడిగితే కాగితం పోతాది. కేసు పోదు గదక్కా" అన్నాడు. అని, చెప్పులు గేటు బయటే విప్పి, మెట్టు దాకా వచ్చి, వంగి ఆ తడి ముక్కలు ఏరాడు. వాటిని అరుగు మీద ఒక్కొక్కటి పేర్చి ఆరబెట్టాడు. "దీంట్లో తేదీ ఉంటాది పాపా. వేలం వేసేలోపల మనకెంత గడువుందో ఆ తేదీని బట్టే తెలుస్తాది. అది బ్యాంకోళ్లది అనుకోవద్దు, మనదే" అన్నాడు నాతో.

అంతవరకూ ఆయనతో నేను మాట్లాడింది లేదు. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్లియ్యాలి. శత్రువైనా సరే. నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. ఆయన పెదాలు ఎండి పొక్కులు కట్టి ఉన్నాయి. చెంబు వైపు చూసి, రెండు చేతులూ జోడించాడు.

"వద్దు పాపా. నోటీసున్న ఇంట్లో నేను నీళ్లు తాగను."

నాకు ఒళ్లు మండింది. అప్పులోళ్ల ఇంటి నీళ్లు కూడా అంటుకుంటాయా ఈయనకు, అనుకున్నాను. చెంబు లోపలికి తీసుకుపోయి తులసికోటలో పోసేశాను.

ఆ వారంలోనే మా ఆయన ఒక మనిషిని ఇంటికి తెచ్చాడు. ఇస్త్రీ చొక్కా, వేళ్లకు ఉంగరాలు, చంకలో బ్యాగు. నోటీసు సంగతి ఊళ్లో అప్పటికే పాకింది. అట్లాంటి వార్త పాకితే చీమల కంటే ముందు ఇట్లాంటివాళ్లు వస్తారు. బ్యాంకులో తనవాళ్లున్నారని, అప్పు సగానికి సగం మాఫీ చేయిస్తానని, ఫైలు కదలాలంటే ముందు కొంత ఖర్చవుతుందని చెప్పాడు. ఖాళీ స్టాంపు కాగితాల మీద మా ఇద్దరి సంతకాలు కావాలన్నాడు. "ఈలోపల మీరు బ్యాంకు గడప తొక్కొద్దు. వాళ్లు ఫోను చేస్తే ఎత్తొద్దు. మాట్లాడినారంటే నా పని చెడిపోతాది" అని గట్టిగా చెప్పాడు. మా ఆయనకు ఆ మాటలు బోరులో పడిన జలలా వినబడ్డాయి. పెన్ను కోసం జేబు తడుముకుంటున్నాడు.

అప్పుడే పెద్దనాయన గేటు దగ్గర దగ్గాడు. చెప్పులు విప్పి, లోపలికొచ్చి, పిలవకుండానే గోడ వారన నిలబడ్డాడు. ఆ మనిషి చెప్పిందంతా మళ్లీ మొదటినుంచి చెప్పించుకున్నాడు. మధ్యలో "అట్లనా", "శానా మంచిది" అంటూ తల ఊపాడు. నాకు అనుమానం కూడా వచ్చింది, ఇద్దరూ ఒకటేనేమోనని.

"ఏమప్పా, నీ మాట బాగుండాది" అన్నాడు చివరికి. "అప్పు సగం తగ్గుతాదంటే ఎవురికి చేదు? ఆటో పిలుస్తా. మనం నలుగురం ఇప్పుడే బ్యాంకుకు పోదాం. నాకు చెప్పిందే ఆ మేనేజరు ముందర ఒక్కతూరి చెప్పు. సంతకాలు ఆడనే పెడతారు."

ఆ మనిషి వాచీ చూసుకున్నాడు. కళ్యాణదుర్గంలో పని ఉందన్నాడు. రేపు వస్తానన్నాడు. బ్యాగు చంకలో పెట్టుకొని అట్లా పోయినవాడు ఈనాటికీ రాలేదు.

మా ఆయనకు కోపం నషాళానికి అంటింది. "వచ్చిన సాయాన్ని తరిమితివి గదా! నువ్వు చేస్తావా ఇంగ?" అని ఎగిరాడు.

"నేనేం చేస్తానప్పా? నాకు కాగితం అంటించేది తెలుసు, చట్టం తెల్దు" అన్నాడు పెద్దనాయన తాపీగా. "తెలిసినోళ్లు ఉండారు. కోర్టు కాంపౌండులోనే కూర్చోనుంటారు. పైసా తీసుకోరు. వాళ్లున్నారని శానామందికి తెలీదు, తెలిసినోళ్లకు పోను మొగం చెల్లదు. నేను తోడొస్తా, అంతే నా పని. ఒకటి మాత్రం చెప్తా వినుకో. ముందర దుడ్లడిగేటోడు సాయానికి రాలేదు, యాపారానికి వచ్చినాడు. బ్యాంకోళ్లతో మాట్లాడొద్దనేటోడు నీ ఇంటి మీద కన్నేసినాడు."

ఆ రోజు కూడా నీళ్లు తాగలేదు.

నేను స్కూలుకు సెలవు పెట్టి ఆయన వెంట బస్సెక్కాను. మా ఆయన రాలేదు, తలనొప్పి అన్నాడు. కోర్టు ఆవరణలో ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ఆఫీసు ముందు ఒక బెంచీ ఉంది. మా ముందు చాలామంది ఉన్నారు. వేపచెట్టు నీడ బెంచీ మీదినుంచి పక్కకు జరిగిపోయేదాకా కూర్చున్నాము. ఆ కూర్చున్నప్పుడే, అడగకుండానే, నీళ్ల సంగతి చెప్పాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పల్లెకు ఇల్లు స్వాధీనం చేయడానికి పోయాడట. నడివేసవి. బస్సు దిగి చాలా దూరం నడిచిపోయాడు. ఆ ఇంటామెకు ఈయనెవరో తెలియదు. ఎవరో బాటసారి ఎండకు పడిపోయేలా ఉన్నాడని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఇత్తడి చెంబుతో చల్లటి నీళ్లిచ్చింది. ఆయన గడగడా తాగేశాడు. చెంబును కిటికీలో పెట్టి, సంచిలోంచి కోర్టు ఆర్డరు తీశాడు.

"సామాన్లన్నీ బయట పెట్టించినా. పిలకాయలను బయటికి పంపినా. తాళం వేసి సీలు కొట్టినా. అప్పుడు ఆయమ్మ ఏడవలేదు, తిట్టలేదు. 'నీళ్లిచ్చిన చెంబు లోపలే ఉండిపోయింది నాయనా' అనింది. కిటికీలో కనపడతాండాది పాపా, నేను పెట్టినకాడనే. సీలు పడినంక తీసేదానికి లేదు. మరుసటి వారం కొత్త చెంబు కొనుక్కోని పోతే ఆయమ్మ చేతికి తీసుకోలేదు."

తర్వాత ఆయన సర్వీసంతా ఎండల్లోనే తిరిగాడు. జప్తుకు పోయిన ఏ ఇంట్లోనూ నీళ్లు ముట్టలేదు. రిటైరయ్యాక ఆ అలవాటు ఇట్లా మిగిలింది. నోటీసు నడుస్తున్నంతకాలం ఆ ఇంట్లో నీళ్లు తాగడు. గండం గడిచాక తనే అడిగి తాగుతాడు. ఫీజంటే అదే.

నేను తులసికోటలో పోసిన నీళ్లు గుర్తొచ్చాయి. అంతలో లోపలికి పిలిచారు. ఆయన లేవలేదు.

"నువ్వు రా పెద్దనాయనా, నాకేం చెప్పాలో తెలీదు" అన్నాను.

"నీ ఇల్లు, నీ నోరు. నేను మాట్లాడితే నువ్వు గమ్మునుంటావు. పో" అన్నాడు.

లోపల నాకంటే చిన్నామె, లాయరు. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఇక్కడ సాయం ఉచితమేనని ముందే చెప్పింది. మా అత్త కడగగా మిగిలిన నోటీసు ముక్కలను అట్ట మీద అంటించి తీసుకుపోయాను. అవి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది, తర్వాత సారీ చెప్పింది. ఎంత అప్పు, ఎన్నాళ్లుగా ఆగింది, ఇంట్లో ఎవరికెంత వస్తుంది, అన్నీ అడిగింది. చాలా ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. కనుక్కొని మళ్లీ రమ్మంది. బ్యాంకుకు మా తరఫున రాస్తానంది, లోక్ అదాలత్‌లో ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తానంది. "ఇల్లు తప్పకుండా నిలబడుతుందని మాత్రం నేను చెప్పలేను మేడమ్. మీరు నెలకింతని కట్టగలమని చూపిస్తేనే వాళ్లు వింటారు" అంది.

బయటికొచ్చి, ఆమె మాటివ్వలేదు పెద్దనాయనా అని నిరాశగా చెప్పాను.

"మాటియ్యలేదా? అయితే మంచి లాయరమ్మే. నమ్ము" అన్నాడు.

చూపించడానికి మా దగ్గర ఏముందని? నా జీతం ఒకటే. చెట్లకు నీళ్లు లేవు. అయినా మా ఆయన ఇంకొక్క బోరు అంటూనే ఉన్నాడు. నా మెడలో మిగిలిన గొలుసు వైపు చూస్తున్నాడు. ఆ ఆదివారం ఇంట్లో పెద్ద గొడవైంది. నేను అరవకూడనివన్నీ అరిచాను. మా అత్త కొడుకు వైపు కాసేపు, నా వైపు కాసేపు మాట్లాడింది. కేకలు వినబడి పెద్దనాయన వచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విప్పుతూనే ఉన్నాడు, మా ఆయన ఎదురుపోయి, "నీకేం తెలుసు చీనీ చెట్టు సంగతి? బిడ్డలను సాకినట్టు సాకినా" అన్నాడు. మాకు పిల్లలు లేరు.

పెద్దనాయన లోపలికొచ్చి మెట్టు మీద కూర్చొని, పక్కన చెయ్యి తట్టి మా ఆయన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"భూమిలో నీళ్లుండాయో లేదో నీకు తెల్దు, నాకు తెల్దు. ఈ ఇంట్లో అయితే కుళాయి వస్తాండాది. కండ్ల ముందర ఉండే నీళ్లు పోగొట్టుకోని, కండ్లకు కనపడని నీళ్లకు యాడికి పోతాండావు కొడకా?" అన్నాడు.

మా ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకొని ఏడ్చాడు. నేను మా పెళ్లయినాక ఆయన ఏడవడం చూడటం అదే మొదలు. మర్నాడు కంబదూరు పోయి, బోర్లలోని మోటర్లూ పైపులూ పైకి లాగించి అమ్మేశాడు. చెట్లను వాటి మానాన వదిలేసి, చేను గొర్రెలు మేపుకునేవాళ్లకు గుత్తకిచ్చాడు. తర్వాత అనంతపురంలో ఒక గోడౌన్లో లెక్కలు చూసే పనిలో చేరాడు. తోటను వదిలిన మనిషి సగమైపోయాడు, ఆ మాట దాచను. ఇప్పటికీ మార్కెట్లో చీనీకాయల బుట్ట కనబడితే వీధి దాటి అటుపక్క నడుస్తాడు.

మోటర్లు అమ్మిన దుడ్లు, మా ఇద్దరి జీతాలు చూపించి లోక్ అదాలత్‌లో కూర్చున్నాము. ఈసారి మా ఆయన కూడా వచ్చాడు. బ్యాంకు మేనేజరు మనిషి చెడ్డవాడు కాడు. "నోటీసు పంపిన రోజే ఒకసారి వచ్చి కూర్చొని ఉంటే ఇంత దూరం ఎందుకు వచ్చేదమ్మా?" అన్నాడు. దానికి మేము ఏం చెప్తాం, కంబదూరు పోయి దాక్కున్నామనా? మోటర్ల డబ్బు బాకీ కింద కట్టించుకొని, మిగతా అప్పుకు ఏళ్లు పెంచి, నెల కంతు తగ్గించి రాసుకున్నారు. వేలం ఆగింది. అందరం సంతకాలు పెట్టాము. ఖాళీ కాగితాల మీద కాదు, చదివి.

ముగ్గురం బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతోంది. పెద్దనాయన తన ఇంటి మలుపు దగ్గర ఆగలేదు. మాతోపాటు మా గేటు దాకా వచ్చాడు. చెప్పులు విప్పాడు. లోపలికొచ్చి, ఇన్నాళ్లూ నిలబడ్డ గోడ దగ్గర కాకుండా కుర్చీ లాక్కొని నడిమింట్లో కూర్చున్నాడు. నేను, మా ఆయన ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాము.

"ఏం పాపా, ఇంటికొచ్చినోనికి నీళ్లియ్యవా?" అన్నాడు.

నేను లేచేలోపలే మా అత్త లేచింది. ఏ మొహం చూస్తే అన్నం పుట్టదందో ఆ మనిషికి తనే చెంబు కడిగి, కుండలోంచి నీళ్లు ముంచి, రెండు చేతులతో ఇచ్చింది. ఆయన చెంబెత్తి, గొంతులో ఎముక పైకీ కిందికీ ఆడుతుంటే, ఆగకుండా తాగాడు. చొక్కా ముందు భాగమంతా తడిసింది. ఖాళీ చెంబును కిటికీలో పెట్టబోయి, గుర్తొచ్చిందేమో, తిరిగి మా అత్త చేతికే ఇచ్చాడు.

"నీళ్లు తియ్యగుండాయి అక్కా" అన్నాడు.

కుళాయి నీళ్లే. మా ఊరి కుళాయి నీళ్లు ఎంత ఉప్పో ఆయనకు తెలియనిది కాదు.

ఆ తర్వాత ఆయన వెంట కోర్టు బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఎంతమందో నాకు తెలియదు. ఎవరి పేరూ ఇంకొకరికి చెప్పేవాడు కాదు. వీధిలో కొత్త మనిషి తలొంచుకొని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వస్తే మేమే దారి చూపించేవాళ్లం. "తాళం వేసి ఊరు పోకండప్పా, ముందు ఆ కాగితం తెరవండి" అని మా అత్తే వాళ్లకు నీతులు చెప్పేది! అందరి ఇళ్లూ నిలబడ్డాయని రాస్తే అబద్ధమవుతుంది. ఒకామె సంగతి మాత్రం ఆయన నోటి వెంటే విన్నాను.

ఆమెది బెళుగుప్ప. మొగుడు పోయాక మగ్గం నేసుకుంటూ ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. ఇంటి మీద అప్పు ఆ మొగుడు చేసిపోయిందే. పెద్దనాయన దగ్గరకు వచ్చేసరికే చాలా ఆలస్యమైంది. ఎంత చూసినా నెలనెలా కట్టే దారి కనబడలేదు. వేలంలో అయినకాడికి పోయే బదులు బ్యాంకును ఒప్పించి, ఇల్లు తామే మంచి ధరకు అమ్ముకుంటే అప్పు తీరి కాస్త మిగులుతుందని లాయరమ్మ చెప్పింది. అట్లాగే అమ్మింది. అప్పు తీరింది, మిగిలినదానితో పిల్లల చదువు ఆగలేదు. లెక్క ప్రకారం అది కూడా సాయమే. కానీ పెద్దనాయన లెక్కలో కాదు. ఆమె అద్దె ఇంట్లో దిగాక ఎన్నోసార్లు పిలిచి నీళ్లిచ్చిందట. "ఇంగో ఇల్లు కట్టుకో తల్లీ, అప్పుడు కడుపునిండా తాగుతా" అని ప్రతిసారీ తప్పించుకున్నాడట.

"ఆ పిల్ల చెంబు ఇంగా నాకు బాకీ ఉండాది పాపా" అన్నాడు ఒకసారి నాతో. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం కోర్టు బెంచీ మీద చూసిన మొహమే.

మంగళవారం నేను స్కూలు నుంచి వచ్చేసరికి వీధి నిండిపోయి ఉంది. గుంతకల్లు నుంచి ఆయన కూతురు వచ్చింది. పెద్దనాయన్ను ఆయన ఇంటి వాకిట్లో నిమ్మచెట్టు కింద బల్ల మీద పడుకోబెట్టారు. స్నానం చేయించాలి. మంగళవారం మా వీధికి కుళాయి రాదు. ట్యాంకరు తెప్పిద్దామని ఎవరో ఫోను చేస్తున్నారు.

"ట్యాంకరు నీళ్లు వద్దు" అంది మా అత్త. మా ఇంట్లోకి పోయి, తాగే కుండలోంచి ఇత్తడి చెంబు నిండా ముంచుకొచ్చింది. ఆమెను చూసి ఎదురింటి ఆమె పోయి తెచ్చింది. ఆ తర్వాత నేను ఎప్పుడూ చూడని మనుషులు కొందరు గుంపులోంచి ముందుకొచ్చారు. వాళ్ల చేతుల్లో తమ ఇండ్ల నుంచి నీళ్లు నింపుకొచ్చిన చెంబులు, స్టీలు టిఫిన్ డబ్బాలు, ప్లాస్టిక్ బిందెలు ఉన్నాయి. ముసలివాళ్లున్నారు, టోపీ పెట్టుకున్న సాయిబు ఒకాయన ఉన్నాడు. పొద్దున బస్టాండులో ఎదురుచూసిన మనిషి కూడా అక్కడే ఉన్నాడు. ఆయన చెయ్యి ఖాళీ, ఆయన ఇంటి నోటీసు ఇంకా తేలలేదు. "వీళ్లంతా ఎవురక్కా?" అని కూతురు అడిగింది. "మీ నాయన నీళ్లు తాగిన ఇండ్లోళ్లు" అన్నాను.

అందరూ పోసి, ఇక లేవదీద్దామనుకుంటుంటే వీధి చివర ఆటో ఆగింది. బెళుగుప్ప ఆమె దిగింది. మధ్యాహ్నం బస్సు పట్టుకొని వచ్చింది. చేతిలో పెద్ద కూల్‌డ్రింకు సీసా, నిండా నీళ్లు. ఒళ్లో పెట్టుకొని వచ్చినట్టుంది, చీర ముందంతా చెమ్మ. గుంపు దారి ఇచ్చింది. ఆమె కింద కూర్చొని, మూత తీసి, ముందుగా చేతిలో కొంచెం పోసుకొని ఆయన పెదాలు తడిపింది.

"అద్దె ఇల్లే పెద్దనాయనా. అయినా మా ఇంటి నీళ్లే. ఈ పొద్దన్నా వద్దనొద్దు" అంది.

తర్వాత తల దగ్గర్నుంచి కాళ్ల దాకా, ఒక్క చుక్క మిగల్చకుండా సీసా మొత్తం వంచింది.

ఆ నీళ్లన్నీ కలిసి నిమ్మచెట్టు పాదు నింపి, వాకిలి దాటి, వీధి వాలు వెంట దుమ్మును కలుపుకుంటూ పారి, మా గేటు ముందుకొచ్చి నిలబడ్డాయి. శవానికి పోసిన నీళ్లు వాకిట్లోకి వస్తే మా అత్త వెంటనే బక్కెట్టు, చీపురు అందుకునే మనిషి. ఆ రోజు అందుకోలేదు. గడప మీద కూర్చొని, అవి మెల్లగా మా వాకిట్లో ఇంకిపోయేదాకా చూస్తూ ఉంది.